మంగళవారం మీరు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారు?

పదవీ విరమణ సభలో శాలువా కప్పుతారు, దండ వేస్తారు, గోడ గడియారం చేతిలో పెట్టి ఫొటో తీస్తారు. ఆ గడియారం ఎందుకిస్తారో నాకెప్పుడూ అంతుబట్టదు. రేపటినుంచి ఆయన ఏ టైముకి ఎక్కడికి వెళ్ళాలని?

మొదటి మూడు నెలలు బాగానే గడుస్తాయి. తిరుపతి, అరుణాచలం, అన్నవరంలో వ్రతం, వాయిదా పడుతూ వచ్చిన శుక్లం ఆపరేషన్. నాలుగో నెలనుంచి పేపరు చదవడానికి పట్టే సమయం పెరుగుతుంది. వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగులు పెరుగుతాయి. వంటింట్లోకి తొంగిచూడటం కూడా పెరుగుతుంది. అప్పుడు అందరూ ఒకటే సలహా ఇస్తారు: "ఏదైనా వ్యాపకం పెట్టుకోండి సార్."

ఈ సలహాతోనే నాకు పేచీ. ముప్పై ఏళ్ళపాటు రోజూ ఎవరో ఒకరు ఆయన కోసం కాచుకుని ఉన్నారు. కౌంటర్ ముందు ఖాతాదారు, తరగతిలో పిల్లలు, డిపోలో ఐదున్నర సర్వీసు. ఇంటిపట్టున ఉన్న ఆవిడ కోసమైతే ఏడున్నరకి స్కూలు బస్సెక్కాల్సిన పిల్లాడు. అదంతా ఒక్కరోజున ఆగిపోయింది. ఖాళీగా ఉండటం వల్ల కలిగే బాధ కొంతే, ఎవరూ మన కోసం చూడకపోవడం వల్ల కలిగేది ఎక్కువ. క్యారమ్ బోర్డు, కొత్తగా కొన్న కీబోర్డు, సుడోకు పుస్తకం ఈ లోటు తీర్చలేవు. మొక్క ఎదురుచూస్తుందంటారు మిద్దెతోట వాళ్ళు. నిజమే, మే నెలలో రెండురోజులు నీళ్ళు పోయకపోతే చచ్చిపోతుంది. కానీ ఫోన్ చెయ్యదు.

అందుకే నా కొలత ఒక్కటి. మంగళవారం మీరు రాకపోతే, బుధవారానికల్లా ఎవరైనా ఫోన్ చేసి "ఏమండీ, నిన్న రాలేదేం?" అని అడుగుతారా? అడిగితే అది పని. అడగకపోతే కాలక్షేపం. కాలక్షేపం చెయ్యొద్దని నేననను. దానిమీద జీవితానికి అర్థమనే బరువు పెడితే అది మొయ్యలేదు, అంతే.

ఇదంతా అరవై దాటినవాళ్ళ గొడవేగా అనుకునేవాళ్ళకి ఒక మాట. మనదగ్గర ఉద్యోగం ఎప్పుడు అయిపోతుందో స్థిరంగా ఎప్పుడూ లేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కి దించింది, తర్వాత మళ్ళీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022 నుంచి 62. తెలంగాణలో 2021లో 61. ప్రైవేటు కంపెనీల్లో జీవో రాదు, 48వ ఏట ఒక మీటింగుకి పిలుస్తారు. ఇంటిపట్టున ఉన్న అమ్మకి ఆ రోజు చిన్నవాడు హాస్టల్‌కి వెళ్ళిన జూన్ నెలలో వస్తుంది. షష్టిపూర్తి దాకా ఆగి ఆలోచించడం మొదలుపెడితే పదిహేనేళ్ళు ఆలస్యమైనట్టే.

ఆసక్తి కంటే చిరాకు నమ్మకమైంది

"మీకిష్టమైన పని చేయండి" అన్నది రెండో చెడ్డ సలహా. ముప్పై ఏళ్ళు ఈఎంఐలు కట్టిన మనిషిని నీకేమిష్టమని అడిగితే బిక్కమొహం వేస్తాడు. దానికి బదులు, ఉద్యోగంలో మిమ్మల్ని ఏది చిరాకుపెట్టిందో అడగండి. వెంటనే మూడు చెబుతారు.

గిడుగు రామమూర్తిని చూడండి. ఆగస్టు 29న ఆయన పేరు చెప్పి ఉపన్యాసాలిస్తాం గానీ, ఆయన వయసు లెక్కలు ఎవరూ వెయ్యరు. పుట్టింది 1863. పర్లాకిమిడిలో బడిపంతులు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో బట్టీపట్టాల్సింది ఇంకొకటి. ఈ తేడా రోజూ తరగతి గదిలో ఆయనకి తగిలిన ముల్లు. వాడుక భాష కోసం బహిరంగంగా వాదం మొదలైంది ఆయన నలభైల నడుమ, 1907 ప్రాంతంలో. ఉద్యోగం వదిలింది 1911లో, 48వ ఏట. 'తెలుగు' అనే పత్రిక మొదలుపెట్టింది 1919లో, అంటే 56వ ఏట. అక్కడి కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర భాష మీద ఆయన గ్రంథం 1931లో అచ్చయ్యేనాటికి అరవై ఏడు దాటింది. సవర-ఇంగ్లీషు కోశం 1938లో వచ్చింది, అప్పటికి డెబ్బై నాలుగు దాటాయి. 1940లో పోయారు.

అందులో మనకి పనికొచ్చే విషయం ఆయన గొప్పతనం కాదు, క్రమం. విరమణ తర్వాత కొత్తగా ఏదో 'కనుక్కోలేదు'. వాడుక భాష వాదం తరగతిలో తగిలిన చిరాకు నుంచి వచ్చింది. సవర మీద పని ఉద్యోగంలో ఉండగానే, 1890ల్లోనే, ఇంట్లో ఒక సవర మనిషిని పెట్టుకుని మాటలు నేర్చుకోవడంతో మొదలైంది. చేతిలో ఉన్న పనికి విరమణ సమయం తోడయింది. ఇంకో సంగతి: సవరలుండే అడవుల్లో పట్టిన మలేరియా, దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీశాయి. భాష మీద పనిచేసే మనిషికి చెవులు వినపడకపోవడం! అయినా పని ఆగలేదు. (ఆరోగ్యం సంగతి కింద మళ్ళీ వస్తుంది.)

మనం నిఘంటువులు రాయక్కర్లేదు. కానీ పద్ధతి అదే. రెండు వారాలపాటు జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. "ఇది ఇలా ఎందుకుంది, ఎవరూ సరిచెయ్యరేం" అని విసుక్కున్న ప్రతిసారీ ఒక లైను రాయండి. పద్నాలుగు రోజుల తర్వాత అందులోంచి రాజకీయాలు, కోడళ్ళు, ట్రాఫిక్ కొట్టెయ్యండి. మిగిలినవాటిలో మీకు బాగా తెలిసినవి, మీ చేతికందే దూరంలో ఉన్నవి రెండు మూడు ఉంటాయి. వాటిలో ఎవరో ఒక మనిషి ఆగిపోయి ఉన్నది ఏదో అదే మీది.

ఒక బ్యాంకు గుమాస్తా చిరాకు

బ్యాంకులో పనిచేసి వచ్చినవాళ్ళని అడగండి. దాదాపు అందరూ ఒకటే చెబుతారు: నామినీ లేని ఖాతాలు, ఎక్కడో పడున్న డిపాజిట్లు, కౌంటర్ దగ్గర ఏడుస్తూ నిలబడ్డ భార్యలు. దీన్ని వారానికి ఆరు గంటల పనిగా మార్చడం ఎలాగో చెబుతాను.

గ్రంథాలయంలోనో, గుడి మండపంలోనో, పంచాయతీ ఆఫీసు వరండాలోనో ఒక బల్ల, రెండు కుర్చీలు. వారంలో రెండు రోజులు, పది నుంచి ఒంటిగంట దాకా. చేసే పనులు మూడే.

మొదటిది, పాస్‌బుక్కులో నామినీ పేరు నమోదైందో లేదో చూసి, లేకపోతే ఫారం నింపడంలో సాయం. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఊళ్ళో చాలామందికి ఇది తెలియదు.

రెండోది, మరిచిపోయిన డబ్బు వెతకడం. పదేళ్ళు కదలిక లేని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తాయి. వెళ్ళినా హక్కు పోదు, అదే బ్యాంకు ద్వారా తిరిగి అడగవచ్చు. వెతకడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ వచ్చింది. పేరుతోపాటు పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీలాంటి ఆధారం ఒకటి కావాలి. ఇక్కడ మన పేర్లతో తంటా. వెంకటేశ్వర్లును ఇంగ్లీషులో అరడజను రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరమే. మొదటి వెతుకులాటలో రాలేదని వదిలెయ్యకండి, పాత పాస్‌బుక్కు మీద ఏ స్పెల్లింగు ఉందో అది కొట్టండి.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది: మంచం దిగలేని పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన రుజువు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. పీఎఫ్ పెన్షన్ వాళ్ళు ఏ నెలలో ఇచ్చినా పన్నెండు నెలలు చెల్లుతుంది. పెద్దవాళ్ళ వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టదు. ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి చెయ్యవచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్, దాంతోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఫోన్లో ఉండాలి. ముందు ఆపరేటర్‌గా మీ ముఖం, మీ ఆధార్ ఒకసారి నమోదు చేసుకోవాలి. తర్వాత పెన్షనరు ఆధార్, పెన్షన్ ఉత్తర్వు మీదుండే పీపీవో నంబరు, ఖాతా నంబరు. కిటికీ వాళ్ళ ముఖానికి ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లగా పడి పట్టదు. కళ్ళజోడు తీయించి, రెప్ప వెయ్యమనాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, పీపీవో నంబరులో ఒక అంకె దగ్గర, పెన్షన్ ఇచ్చే సంస్థను జాబితాలోంచి ఎంచుకునే దగ్గర. సర్టిఫికెట్ నంబరు మెసేజ్ వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. అవతలి సంస్థ తిరస్కరించే వీలుంది. కాబట్టి వారం తర్వాత స్టేటస్ చూడాలి. ఆ వారం తర్వాత చూడటమే అసలు పని. మొదటిరోజు ఎవరైనా చేస్తారు.

మూడు కట్టుబాట్లు గోడమీద రాసి పెట్టుకోండి. డబ్బు ముట్టుకోకూడదు. ఓటీపీ మనం చదవకూడదు, వాళ్ళ చేతే కొట్టించాలి. పాస్‌బుక్కు మన ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. ముప్పై ఏళ్ళు కాపాడుకున్న పేరు ఒక్క అనుమానంతో పోతుంది.

బడిలో అయిదుగురు పిల్లలు

మాజీ ఉపాధ్యాయులే కాదు, నింపాదిగా కూర్చోగలిగిన ఎవరైనా చెయ్యగలిగినది, చదవడం రాని పిల్లలకి చదవడం నేర్పడం. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఇలాంటివాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. బడి జూన్ రెండోవారంలో తెరుస్తారు, అడ్మిషన్ల హడావిడి సద్దుమణిగాక జూలైలో వెళ్ళండి. ప్రధానోపాధ్యాయులకి ఒక దరఖాస్తు, ఆధార్ నకలు, వారంలో ఏ రోజులు వస్తారో రాసిన కాగితం ఇవ్వండి. మండల విద్యాధికారికి చెప్పే పని వాళ్ళకే వదిలెయ్యండి, వాళ్ళని దాటి మీరు వెళ్ళొద్దు.

అయిదుగురు, మహా అయితే ఆరుగురు. నలభై నిమిషాలు. వారానికి మూడు రోజులు. మొదటిరోజు పాఠం లేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అయిదు అక్షరాలు, అయిదు పదాలు, నాలుగు చిన్న వాక్యాలు, పది లైన్ల కథ చదివించి, ఎక్కడ ఆగారో రాసుకోండి. వాడు నాలుగో తరగతా, అయిదో తరగతా అన్నది మరిచిపొండి. ఎక్కడ ఆగాడన్నదే వాడి తరగతి.

అందరూ చేసే తప్పు 'అమ్మ'తో మొదలుపెట్టడం. ఎంత ముద్దుగా ఉన్నా అందులో ఒత్తు ఉంది. గుణింతం గుర్తులు లేని మాటలు ముందు: తల, వల, పలక, గడప, పడవ. తర్వాత దీర్ఘం ఒక్కటే కలిపి: పాట, బాట, కాకర. ఆ తర్వాత గుడి, గుడిదీర్ఘం. వారానికి ఒక్క గుర్తు చాలు. పిల్లలు కలగాపులగం చేసే అక్షరాలు దాదాపు అన్నిచోట్లా అవే: ప-వ-ష, మ-య, ద-ధ-థ. వీటిని పక్కపక్కన పెట్టి నేర్పితే ఇంకా కలుస్తాయి, మధ్యలో వారం ఎడం ఉంచండి.

ఒత్తుల దగ్గర చాలామంది ఏళ్ళతరబడి ఆగిపోతారు. దానికి కారణముంది. గ, చ, ప లాంటివాటి ఒత్తు చూస్తే ఏ అక్షరమో పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం వాటి అక్షరాల్లా ఉండవు. దురదృష్టం ఏమిటంటే తెలుగులో ఎక్కువగా వచ్చేవి ఇవే: అత్త, అన్న, అమ్మ, కల్లు, చక్రం, వాక్యం. ఈ ఆరింటికి విడిగా ఆరు వారాలు ఇవ్వండి. మిగతావి వాటంతట అవే వస్తాయి.

వాడు చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా? తెలుసుకోవడం తేలిక. పేజీని కింది లైను నుంచి పైకి చదవమనండి. బట్టీపట్టినవాడు అక్కడే ఆగిపోతాడు. పత్తి తీసే రోజుల్లో, మిరపకోతల్లో పిల్లలు మానేస్తారు. తిట్టకండి. వచ్చినరోజు ఆగినచోటినుంచి మొదలుపెట్టండి. మీ దగ్గర ఆ పిల్లాడు ఆగినచోటు రాసి ఉంటుంది. అందుకే ఆ పుస్తకం.

ఈ పనిలో ఎదురుచూసేవాళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు. గేటు దగ్గరే ఉంటారు.

ఆఫీసరుగారు స్వచ్ఛంద సేవకి వచ్చారు

ఇలాంటి పనులు సాధారణంగా రెండు మూడు నెలల్లోనే ఆగిపోతాయి. పని కష్టమై కాదు. వచ్చిన మనిషి ఇంకా రిటైరు కాకపోవడం వల్ల. జాయింట్ డైరెక్టరుగా చేసిన పెద్దమనిషి బడికి వచ్చి మొదటివారమే హాజరుపట్టీ చూపించమంటాడు. ముప్పై ఏళ్ళ టీచరమ్మని "నువ్వు" అంటాడు. ఆవిడ మీ కూతురి ఈడే కావచ్చు, ఆ గదిలో ఆవిడ "మేడమ్", మీరు ఆవిడ కింద పనిచేసే మనిషి. మొదటి మూడు నెలలు ఒక్క సూచన కూడా ఇవ్వకూడదని నియమం పెట్టుకోండి. నిజంగా అవసరమైనదైతే మూడు నెలల తర్వాత కూడా అవసరమే అవుతుంది.

ఇంకో జబ్బు ట్రస్టు పెట్టడం. పని మొదలుకాక ముందే లెటర్‌హెడ్ అచ్చవుతుంది. సొసైటీ రిజిస్టరు చెయ్యాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో నలుగురు బావమరుదులు. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిట్, అధ్యక్షుడెవరన్న తగువు. అయిదుగురు పిల్లలకి చదువు చెప్పడానికి ఇవేవీ అక్కర్లేదు. మూడేళ్ళు పని నడిచాక, బయటినుంచి డబ్బు తీసుకోక తప్పదనుకున్నప్పుడు ఆలోచించండి. గ్రాట్యుటీ సొమ్ము మాత్రం ఏ ఆశయం మీదా పెట్టకండి. స్కూలూ వద్దు, హోటలూ వద్దు. ఒక నెల పెన్షన్ మించి ఖర్చయ్యేది ఏదైనా మొదటి ఏడాది వద్దన్నది నా లెక్క.

మూడోది ఆత్రం. మొదటివారం అయిదు రోజులూ వెళ్ళి, మూడోవారానికి నడుం పట్టేసి, అయిదోవారం నుంచి మొహం చాటెయ్యడం. మనకి దీనికి మంచి కొలత ఉంది: ఒక మండలం. నలభై రోజులు. కొత్త మోజు రెండోవారానికి, మహా అయితే మూడోవారానికి పోతుంది. తర్వాత మిగిలేది విసుగుతో చేసే పని. ఆ విసుగులో కూడా వెళ్ళాలనిపించిందా అన్నది మండలం చివర తేలుతుంది. అనిపించకపోతే నిస్సంకోచంగా మానేసి, పుస్తకంలో రాసుకున్న రెండో చిరాకు తీసుకోండి. ముందే "నలభై రోజులు చూస్తాను" అని చెప్పి చేరితే ఎవరికీ మాట పడక్కర్లేదు.

రిటైర్మెంటు మగవాళ్ళ మాట

పైనదంతా చదివిన ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు. భర్త ఇంట్లో కూర్చోవడం మొదలయ్యాక ఆవిడకి రోజూ రెండు కాఫీలు, ఒక వేడి మధ్యాహ్న భోజనం, పది 'నా కళ్ళజోడెక్కడ'లు అదనం. ఆయన జీవితానికి అర్థం వెతుక్కుంటున్నంతసేపూ ఆవిడకి చాకిరీ పెరుగుతుంది. కాబట్టి ఆయన పని మొదలయ్యేలోపు ఇంట్లో లెక్క తేలాలి. వారంలో రెండు మధ్యాహ్నాలు వంట ఆయనది. పాత బియ్యమైతే గ్లాసుకి రెండున్నర నీళ్ళు, కొత్త బియ్యమైతే రెండే, కుక్కర్‌లో మూడు విజిల్స్. బ్యాలెన్స్ షీట్లు కలిపిన మనిషికి ఇది రాకపోదు. ఆ రెండు మధ్యాహ్నాలు ఆవిడవి, ఇంటి బయట.

"నాకేం వచ్చు" అనే ఆవిడ కోసం ఒక పని చెబుతాను. మీ బంధువర్గంలో ఎనభై దాటిన అత్తయ్యలు, అమ్మమ్మలు ఇద్దరు ముగ్గురుంటారు. పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు, మంగళహారతులు వాళ్ళతోనే పోతున్నాయి. ఫోన్‌తో రికార్డు చెయ్యండి. ఫ్యాన్ ఆపాలి, కుక్కర్ పెట్టిన టైములో వద్దు, ఫోన్ నోటికి జానెడు దూరంలో, దిండుమీద పెట్టాలి. బల్లమీద పెడితే గాజుల చప్పుడు పడుతుంది. ఒక్కో పాటకి ఒక్కో ఫైలు. పాటకి ముందు ఆవిడ చేతే ఆవిడ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించండి. ఎవరికి వినిపించవచ్చో కూడా అప్పుడే అడగండి. "ఒక పాట పాడండి అత్తయ్యా" అంటే ఒక్కటీ గుర్తురాదు. చేతికి పువ్వులిచ్చి మాల కట్టమనండి, చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమనండి. చేతులు కదిలితే పాట కదులుతుంది. మధ్యలో చరణం తప్పితే సరిదిద్దకండి, మళ్ళీ ఇంకోరోజు పాడించుకోండి. రెండుసార్లు వెళ్ళారంటే మూడోసారికి ఆవిడే "ఎప్పుడొస్తావే?" అని ఫోన్ చేస్తుంది. కొలత నెగ్గింది.

ముందు రక్తపరీక్ష

జీవితంలో ఏ అర్థమూ లేదనిపించడం కొన్నిసార్లు తాత్వికం, కొన్నిసార్లు థైరాయిడ్. యాభై దాటినవాళ్ళు పెద్ద నిర్ణయాలకి ముందు షుగరు, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, బీ12 విటమిన్, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. నలుగురిలోకి వెళ్ళబుద్ధి కాకపోవడానికి చాలాసార్లు కారణం చెవులు. మాట సరిగ్గా వినపడక, రెండుసార్లు తప్పుగా జవాబిచ్చి, ఆ తర్వాత వెళ్ళడం మానేస్తారు. ఇంట్లోవాళ్ళు "ఆయన ముభావంగా అయిపోయారు" అంటారు. వినికిడి ఎంతుందో కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష ఒక్కదానితో విషయం తేలుతుంది. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయే ఏళ్ళలో నిద్ర చెడితే దాన్ని బద్ధకమని అనుకోవద్దు, డాక్టరుకి చెప్పండి.

రెండువారాలకి మించి నిద్ర, ఆకలి తప్పి, ఇష్టమైన పనులమీద కూడా మనసు పోకపోతే అది వ్యాపకంతో తగ్గేది కాదు. వైద్యం కావాలి. 14416కి ఫోన్ చేస్తే టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అమెరికా డ్యూటీ

మన ఇళ్ళలో ఏ మంచి పనినైనా ఆపేసే శక్తి ఒకటుంది: అమ్మాయి డెలివరీ. అమెరికాలో దిగినప్పుడు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు, ఆ ఆరు నెలలూ ఉంటారు. తిరిగొచ్చేసరికి ఇక్కడి బల్ల, కుర్చీ ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో పగలంతా అపార్ట్‌మెంట్‌లో కూర్చోవడం ఇంకో శిక్ష.

దీనికోసం సూట్‌కేసులో పట్టే పని ఒకటి ఉంచుకోండి. నా ఓటు తెలుగు వికీసోర్స్‌కి, పాత పుస్తకాలను అందరూ ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టే చోటుకి. పాత పుస్తకాల స్కాన్ ఎడమవైపో కుడివైపో కనిపిస్తుంది, పక్కన యంత్రం చదివిన పాఠం ఉంటుంది. రెండూ పోల్చి తప్పులు దిద్దడమే. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, వేరే మనిషి ఇంకోసారి సరిచూస్తే ఆకుపచ్చ. మీరు దిద్దిన పేజీని మీరే ఆకుపచ్చ చెయ్యలేరు. ఆ నియమమే నాకు నచ్చింది, మీ పేజీ కోసం రెండో మనిషి, వాళ్ళ పేజీ కోసం మీరు. పాత అచ్చులో అరసున్న, బండిర, వలపలగిలక, పాతకాలపు నకారపొల్లు యంత్రానికి అర్థం కావు. వీటిని చిన్నప్పుడు చదివిన తరం మీది. పాఠాన్ని ఇప్పటి తెలుగులోకి మార్చాలన్న కోరిక మాత్రం ఆపుకోవాలి. పుస్తకంలో ఎలా ఉందో అలాగే. మొదట్లో పేజీకి ఇరవై నిమిషాలు పడుతుంది, రోజుకి రెండు చాలు. మనవడు పడుకున్న టైముకి సరిపోతుంది. ఏ పుస్తకమైనా పెట్టేయకూడదు సుమా. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవయ్యేళ్ళ దాకా కాపీహక్కు ఉంటుంది. 1965లో పోయినవారి రచనలకి 2026 జనవరి 1 నుంచి ఆ బంధం వీడింది.

ఇక్కడి పని ఆగకుండా ఉండాలంటే, మొదటిరోజు నుంచే జోడీ వెతుక్కోవాలి. వారంలో ఒకరోజు మీరు, ఒకరోజు వాళ్ళు. ప్రయాణానికి నెల ముందు రెండురోజులూ వాళ్ళతో చేయించి మీరు పక్కన కూర్చోవాలి. అన్నీ రాసిన నోటుపుస్తకం వాళ్ళ చేతిలో పెట్టాలి: ఏ పిల్లాడు ఏ ఒత్తు దగ్గర ఆగాడు, ఏ పెన్షనరు స్టేటస్ ఏ తేదీన చూడాలి, పోర్టల్లో ఏ పేరు ఏ స్పెల్లింగుతో దొరికింది. మొదటి పేజీలో గది తాళం ఎవరి దగ్గరుంటుందో, బడి ఫోన్ ఎవరెత్తుతారో రాయండి. ఆ పేజీ మాత్రం పెన్సిల్‌తో రాయండి, నంబర్లు మారుతుంటాయి.